తైవాన్ బీపీ మిషన్: ఏడు నెలలు వాడాక నా మాట

ముందే చెప్పేస్తున్నా, మిషన్ బాగుంది. కొనాలా వద్దా అన్నది మాత్రమే కావాల్సినవాళ్లకు ఆ ఒక్క మాట చాలు. కానీ ఈ డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఒక దేశం పేరు ఉంది, దాని గురించి కూడా నాకు చెప్పాల్సింది ఉంది. నిజానికి మిషన్ గురించి కన్నా అదే ఎక్కువ ఉంది, అందుకే ఇంత పొడుగు రాస్తున్నా, ఓపిక చేసుకుని చదవండి.

మాది ఉద్దానం, సోంపేట పక్క ఊరు. నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను. నాన్నకు కొబ్బరి, జీడి తోట. ఆయనకు కిడ్నీ జబ్బు బయటపడి ఆరేళ్లు, డయాలసిస్ మొదలై రెండేళ్లు. మా వైపు ఇద్దరు ఎదురుపడితే క్షేమసమాచారాల తర్వాత వచ్చే మొదటి ప్రశ్న "క్రియాటినిన్ ఎంతుంది?" అనే, అంటే కిడ్నీ ఎలా పనిచేస్తుందో చెప్పే రక్తపరీక్ష అంకె. ప్రతి వీధిలో ఒకరో ఇద్దరో ఉంటారు. కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఎటు వెళ్లినా ఇదే కథ.

కిడ్నీ మనిషికి బీపీ ఎంత ముఖ్యమో తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. కిడ్నీ దెబ్బతింటే బీపీ పెరుగుతుంది, బీపీ పెరిగితే మిగిలిన కాస్త కిడ్నీ ఇంకా తొందరగా పోతుంది. డయాలసిస్ చేసిన రోజు ఇంకో తంటా, ఒంట్లో నీరు తీసేశాక బీపీ ఒక్కసారిగా పడిపోతుంది, ఇంటికొచ్చి మంచం దిగబోయి కళ్లు తిరిగి పడ్డవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. అందుకని ఇంట్లో మిషన్ ఉండాల్సిందే. ఇంతకు ముందు ఒకటి చవగ్గా దొరికిందని కొన్నాం, పేరు చెప్పను, ఒకే చేతికి పది నిమిషాల్లో మూడుసార్లు పెడితే 158, 131, 172 చూపించింది. దాన్ని నమ్మి మాత్ర వేయాలా మానాలా అని ఎంత టెన్షన్ పడ్డామో.

ఇది శ్రీకాకుళంలో ఒక సర్జికల్ షాపులో 2,400 పెట్టి తీసుకున్నా. మొదటి వారమే సంచిలో పెట్టుకుని డయాలసిస్ సెంటర్‌కు తీసుకెళ్లా, అక్కడి టెక్నీషియన్ బాబు వాళ్ల మిషన్‌తో ఒకసారి, దీనితో ఒకసారి చూశాడు, పైన అంకెలో నాలుగు తేడా, కింద అంకెలో రెండు. "మేడమ్, ఇది నమ్మొచ్చు" అన్నాడు. అంతే, నా గుండె కుదుటపడింది. అంకెలు పెద్దగా కనిపిస్తాయి, నాన్న కళ్లద్దాలు లేకుండా చదువుకుంటారు. పాత రీడింగులు దాచుకుంటుంది. గుండె కొట్టుకోవడం తేడాగా ఉంటే పక్కన చిన్న గుర్తు వస్తుంది. నాలుగు పెన్సిల్ సెల్లులు వేస్తే రోజుకు రెండుసార్లు చూసినా మూడు నెలలు వచ్చాయి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. దీనితో వచ్చిన పట్టీ మామూలు చేతికి సరిపోతుంది కానీ నాన్న చెయ్యి ఇప్పుడు చిక్కిపోయింది, పట్టీ వదులైతే రీడింగ్ తప్పు వస్తుంది, చిన్న పట్టీ విడిగా తెప్పించుకోవాల్సి వచ్చింది. వాడే విధానం కాగితంలో తెలుగు లేదు. షాపువాడు వారంటీ కార్డు మీద స్టాంపు వేయకుండా ఇచ్చాడు, మళ్లీ శ్రీకాకుళం బస్సెక్కి వేయించుకొచ్చా. ఇంకోటి, ఇది మిషన్ తప్పు కాదు గానీ చెప్పి తీరాలి: డయాలసిస్ కోసం ఫిస్టులా చేసిన, అంటే రక్తనాళాలు కలిపి కుట్టిన, చేతికి పట్టీ ఎప్పుడూ కట్టకండి, రెండో చేతికే చూడండి. మా పక్కింటి బావకు ఎవరూ చెప్పక నెల రోజులు అదే చేతికి కట్టుకున్నాడు.

ఇక ఆ దేశం పేరు. డబ్బా తెచ్చిన రోజు నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎక్కడిదమ్మా ఇది?" అన్నారు. తైవాన్‌లో తయారైంది నాన్నా అన్నా. "ఏటీ, మన జాంకాయల తైవానేనా?" అన్నారు. అదే. మా తోట గట్టు మీద ఆయన నాలుగేళ్ల కిందట పెట్టిన తైవాన్ జామ మొక్కలు ఇప్పుడు కాపు మీదున్నాయి. జీడిమామిడికి మందు కొట్టడానికి అద్దెకు తెచ్చే పంపును కూడా రైతులు తైవాన్ పంపు అనే అంటారు. జామకాయ, మందుపంపు, ఇప్పుడు బీపీ మిషన్. మా పల్లెలో ఇంతమంది నోట్లో నలిగే ఆ పేరు జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యుల వరుసలో లేదని చెబితే నాన్న నమ్మలేదు. "ఆరోగ్యానికి కూడా కులం వెలేనా?" అన్నారు. ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను.

పాఠం చెప్పేదాన్ని కాబట్టి నాకు తేదీలు తెలుసు, రాస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ రాజ్యాంగం 1948 ఏప్రిల్ 7న అమల్లోకి వచ్చింది, అందుకే ఆ రోజు ఆరోగ్య దినోత్సవం. జాతి, మతం, రాజకీయ విశ్వాసం, ఆర్థిక సామాజిక స్థితి, వీటిలో దేన్ని బట్టీ తేడా చూపకుండా అందగలిగినంత మంచి ఆరోగ్యం ప్రతి మనిషి హక్కు అని దాని మొదటి పేజీలోనే ఉంది. రాజకీయ విశ్వాసం అన్న మాట అక్కడ ఉంది, గమనించండి. అప్పట్లో చైనా కుర్చీలో కూర్చున్నది ఇప్పుడు తైవాన్‌లో ఉన్న ప్రభుత్వమే. 1971 అక్టోబరు 25న ఐక్యరాజ్యసమితి 2758 నంబరు తీర్మానంతో ఆ కుర్చీని, తైవాన్ కూడా తనదే అనే బీజింగ్ ప్రభుత్వానికి ఇచ్చింది. 1972 మేలో ఆరోగ్య సభ, అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యులంతా ఏటా కలిసే సభ, కూడా అదే బాట పట్టింది. అంతకుముందు 20 ఏళ్లకు పైగా అంత పెద్ద చైనాలోని కోట్ల మంది ప్రజలు ఈ సంస్థ బయట ఉండిపోయారు, అదీ అన్యాయమే, దాన్ని సరిచేయాల్సిందే. కానీ ఒకరిని లోపలికి పిలవడానికి ఇంకొకరిని గుమ్మం బయట నిలబెట్టారు. 2758 తీర్మానంలో తైవాన్ అన్న మాటే లేదు. అయినా 2 కోట్ల 30 లక్షల మంది బయటే.

దేశం అవునా కాదా అన్న గొడవ నేను తీర్చగలిగేది కాదు, మన దేశం కూడా తైవాన్‌ను అధికారికంగా గుర్తించలేదు. నేనడిగేది అది కాదు. ఒక జ్వరం మొదలైతే ఆ కబురు నేరుగా అందే ఏర్పాటు, తమకు తెలిసింది నేరుగా చెప్పే చోటు, పరిశీలకులుగా ఒక కుర్చీ. అంతే. నియూ అని పసిఫిక్‌లో ఒక దీవి ఉంది, జనాభా 2 వేలు కూడా ఉండదు, ఐక్యరాజ్యసమితిలో సభ్యత్వం లేదు, అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థలో పూర్తి సభ్యురాలు. కుక్ దీవులు కూడా అంతే. వాళ్లకు ఉండటం నాకు ఎంతో ఇష్టం. మా మండలంలో ఒక పంచాయతీ అంత కూడా లేని జనానికి అక్కడ చోటు దొరికిందంటే, ఐక్యరాజ్యసమితిలో లేకపోవడం అడ్డే కాదన్నమాట. యూరప్‌లోని కొసావోది మాత్రం తైవాన్ లాంటి కథే, అక్కడి మనుషులకూ సభ్యత్వం లేదు.

మా స్కూల్లో సైన్స్ మాస్టారు ఒకరున్నారు, మంచి మనిషి, ఈ విషయం మీద నాతో బాగా వాదిస్తారు. "టీచర్ గారూ, చైనా ద్వారా కబుర్లు వెళ్తాయి కదా, ఇంకేం కావాలి?" అంటారు. నేను 2003 చెప్తాను. సార్స్ అనే ఊపిరితిత్తుల అంటురోగం వచ్చిన సంవత్సరం. తైవాన్‌లో మొదటి కేసు మార్చి మధ్యలో బయటపడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు తైపీలో దిగింది మే మొదట్లో. ఏడు వారాలు. ఈలోగా ఏప్రిల్ 24న హోపింగ్ అనే ఆస్పత్రిని మూసేశారు, లోపల డాక్టర్లు, నర్సులు, రోగులు, చూడటానికి వచ్చిన బంధువులు, అంతా కలిపి వెయ్యి మందికి పైగా చిక్కుకుపోయారు. ఆ లోపల ఉన్న ఒక నర్సు తల్లి పరిస్థితి ఊహించుకోండి మాస్టారూ, అన్నా. ఆ జూలై 5న సార్స్ జాబితాలోంచి ఆఖరుగా తీసేసిన పేరు కూడా తైవానే. అంటే ప్రపంచం ఊపిరి పీల్చుకోవడానికి చివరికి వాళ్ల కోసమే ఆగాల్సి వచ్చింది. ఒక ఇంటిని లెక్కలోంచి తీసేసి ఊరంతా దోమల మందు కొడితే ఏమవుతుందో మలేరియా చూసిన మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మలేరియా అంటే గుర్తొచ్చింది. లోపల సభ్యురాలిగా ఉన్న రోజుల్లో, 1965లో, మలేరియాను తుడిచిపెట్టిన ప్రాంతంగా తైవాన్‌ను గుర్తించింది ఇదే ప్రపంచ ఆరోగ్య సంస్థ. బయటకు నెట్టాక కూడా వాళ్లు ఊరుకోలేదు. పుట్టిన పిల్లలకు హెపటైటిస్-బి టీకా వేసే దేశవ్యాప్త కార్యక్రమాన్ని 1984లో మొదలుపెట్టిన మొదటి చోటు అదే, ముందు ఆ వైరస్ ఉన్న తల్లుల బిడ్డలకు, 1986 నుంచి అందరికీ. తర్వాత పిల్లల్లో కాలేయ క్యాన్సర్ దాదాపు సగానికి తగ్గిందని 1997లో వాళ్ల డాక్టర్లు లెక్కలతో చూపించారు. టీకాతో క్యాన్సర్‌ను ఆపొచ్చని ప్రపంచానికి తెలిసింది అలా. ఇప్పుడు మన ఆస్పత్రుల్లో బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు వేసే టీకా అదే, మీ ఇంట్లో చంటిపిల్ల ఉంటే టీకా కార్డు తీసి చూడండి.

మాస్టారు ఇంకో మాట అన్నారు, కోవిడ్‌లో తైవాన్ తనను తాను బాగానే కాపాడుకుంది కదా, సభ్యత్వం లేకపోయినా ఏం లోటు అని. నాకు ఈ మాట మీద కోపం వస్తుంది. 2019 డిసెంబరు 31న వూహాన్ నుంచి వచ్చే విమానాల్లోకి ఎక్కి ప్రయాణికులను చూడటం మొదలుపెట్టారు, అదే రోజు ప్రపంచ ఆరోగ్య సంస్థకు మెయిల్ రాశారు, వూహాన్‌లో అసాధారణ న్యుమోనియా, రోగులను విడిగా ఉంచి చికిత్స చేస్తున్నారట, వివరాలు చెప్పండి అని. మనిషి నుంచి మనిషికి అంటుతుందని అందులో రాయలేదు అని సంస్థ తర్వాత అంది. విడిగా ఉంచారు అంటేనే అర్థం చేసుకోవాలి అని తైవాన్ అంది. ఎవరి మాట ఎంతవరకు నిజమో పక్కన పెట్టండి. అదే రోజు, అదే గదిలో, ఒకే బల్ల దగ్గర కూర్చుని అడుగుకునే వీలుంటే ఈ వాదనే ఉండేది కాదు కదా, మెయిల్‌లో అర్థం కాకపోతే నోటితో అడుగుతారు కదా. ఇంకా చూడండి, లెక్కల్లో తైవాన్‌ను చైనాలో కలిపేయడంతో, 2020 జనవరి చివర ఇటలీ చైనా విమానాలు ఆపినప్పుడు తైవాన్ విమానాలు కూడా ఆగిపోయాయి. అప్పటికి అక్కడ కేసులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని.

2021 మేలో మన దగ్గర ఆక్సిజన్ కోసం ఏడ్చిన రోజులు ఎవరూ మరిచిపోరు. మా పెదనాన్నను ఆ నెలలోనే పోగొట్టుకున్నాం. ఆ రోజుల్లో తైవాన్ మనకు 150 ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు, 500 సిలిండర్లు పంపింది. మన అవసరానికి అవి సముద్రంలో కాకిరెట్ట అనేవాళ్లుంటారు, నేను అనను. ఊపిరి అందిన ప్రతి మనిషి ఇంట్లో ఎవరో ఒకరు ఎదురుచూస్తూ ఉన్నారు.

అసలు బయట ఉన్నవాళ్లను లోపలికి తెచ్చుకుంటే ఏమవుతుందో తెలియాలంటే అమ్మవారి కథ చూడాలి, అదే మశూచి. మా మామ్మ ముఖం నిండా ఆ గుంటలే ఉండేవి, వాళ్ల అక్క ఆ రోగంతోనే పోయింది. సోవియట్ యూనియన్ 1949లో అలిగి ఈ సంస్థలోంచి వెళ్లిపోయింది, 1950ల మధ్యలో తిరిగొచ్చింది. తిరిగొచ్చాక 1958లో మశూచిని భూమ్మీద లేకుండా చేద్దాం అని ప్రతిపాదించింది వాళ్ల ప్రతినిధి విక్టర్ జ్దానోవ్. మన దేశానికి ఎంతో టీకా ఇచ్చింది కూడా వాళ్లే. మన దగ్గర ఆఖరి కేసు 1975 మేలో, అస్సాంలో. 1980 నాటికి లోకంలోనే లేదని ప్రకటించారు. ఆ దేశం గుమ్మం బయటే ఉండిపోయి ఉంటే మా అమ్మ ముఖం మీద కూడా గుంటలు ఉండేవేమో. 2025 జనవరిలో అమెరికా బయటకు పోతానని ప్రకటించినప్పుడు లోకమంతా భయపడింది, అది సహజం. రమ్మంటే రావడానికి సిద్ధంగా గుమ్మం దగ్గరే నిలబడ్డ తైవాన్ కోసం కూడా అంత బాధపడాలని నా కోరిక.

ఇక నా గుండెకు దగ్గరైన సంగతి. 2025 మే నెలలో జెనీవా ఆరోగ్య సభ మొదటిసారిగా కిడ్నీ ఆరోగ్యం మీద ఒక తీర్మానం చేసింది, గ్వాటెమాలా ముందుండి నడిపించింది. నికరాగ్వా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లో కూలీలకు, శ్రీలంకలో ధాన్యం పండించే రైతులకు, మా ఉద్దానంలో కొబ్బరి తోటల్లో పనిచేసేవాళ్లకు వచ్చే రోగం ఇంచుమించు ఒకేలా ఉంటుంది, షుగరు ఉండదు, ముందు బీపీ కూడా ఉండదు, కిడ్నీ మాత్రం లోలోపల పోతూ ఉంటుంది. ఎండా, నీళ్లా, పురుగుమందులా, నొప్పి మాత్రలా, ఒక్క కారణం అని ఇంకా తేలలేదు. ఆ తీర్మానం వార్త నేను డయాలసిస్ సెంటర్ బయట బెంచీ మీద కూర్చుని చదివాను, కళ్లలో నీళ్లు తిరిగాయి, ఇన్నాళ్లకు మన పేరు లేకపోయినా మన రోగం పేరు అక్కడ పలికారు అని. మరి ఆ గదిలో తైవాన్ లేదు, పిలవలేదు. జనాభా లెక్కన డయాలసిస్ మీద బతికేవాళ్లు ప్రపంచంలోనే చాలా ఎక్కువగా ఉన్న చోటు అది, 80 వేల మందికి పైగా. 1995 నుంచి అందరికీ ఒకటే ఆరోగ్య బీమా, డయాలసిస్ ఖర్చు రోగి మీద పడదు. కిడ్నీని తినేసే అరిస్టొలోకియా జాతి మూలికలను 2003లో నిషేధించారు. మన ఈశ్వరవేరు కూడా ఆ జాతి మొక్కే, ఊళ్లలో కషాయాలు తాగేవాళ్లు ఇది తెలుసుకోవాలి. ఇంత తెలిసినవాళ్లు కిడ్నీ గురించి మాట్లాడుకునే గదిలో ఉండకూడదా? వాళ్లు లేకపోతే నష్టం వాళ్లకా, మా నాన్నకా?

లెక్కలో లేకపోవడం అంటే ఏమిటో మాకు తెలుసు. 1990ల నుంచి మనుషులు పోతూనే ఉన్నారు, ఎన్నో ఏళ్లు "నాటు సారా తాగి పోతున్నారు" అన్న మాటే వినిపించేది. మా చిన్నాన్న జీవితంలో సారా ముట్టలేదు. ఎవరో ఒకరు వచ్చి లెక్క రాసుకున్నాకే డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి, పింఛను వచ్చింది, 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి మొదలైంది, హిరమండలం నుంచి పైపుల్లో నీళ్లు వచ్చాయి. పేరు రాసుకోవడంతోనే అన్నీ మొదలయ్యాయి.

2009 నుంచి 2016 వరకు చైనీస్ తైపీ అన్న పేరుతో తైవాన్‌ను పరిశీలకులుగా పిలిచారు, ఎనిమిదేళ్లు, ఎవరి కొంపా మునగలేదు. 2017 నుంచి పిలుపు లేదు. టోక్యో ఒలింపిక్స్ బ్యాడ్మింటన్ సెమీఫైనల్లో మన సింధును ఓడించిన తైవాన్ అమ్మాయి తై జూ యింగ్ ఆడింది కూడా ఆ పేరుతోనే కదా. ఆటలో సరిపోయిన పేరు ఆస్పత్రి విషయంలో ఎందుకు సరిపోదు? ఈ ప్రశ్న మా పదో తరగతి అమ్మాయి వేసింది, నేనూ మాస్టారూ ఇద్దరం విన్నాం. ఆయన ఆ రోజు వాదించలేదు.

నాన్నకు ఈ కథంతా చెప్పా, కొంచెం కొంచెంగా, డయాలసిస్ జరిగే నాలుగు గంటల్లో. ఇప్పుడు ప్రతి మే నెలలో అడుగుతానంటున్నారు, పిలిచారా లేదా అని.

సరే, మిషన్‌కు అయిదుకు నాలుగున్నర. సన్న చెయ్యి ఉన్నవాళ్లు చిన్న పట్టీ కూడా అడిగి తీసుకోండి, వారంటీ కార్డు మీద స్టాంపు షాపులోనే వేయించుకోండి. కూర్చుని అయిదు నిమిషాలు ఆగి, వీపుకు ఆసరా పెట్టుకుని, చెయ్యి గుండె ఎత్తులో ఉంచి చూడండి, చూసిన వెంటనే నోటు పుస్తకంలో తేదీతో రాయండి, మా డాక్టరు గారు మిషన్ మెమరీ కన్నా ఆ పుస్తకాన్నే ముందు అడుగుతారు. ఈ పొద్దున నాన్నది 134, 82.